చూసేదాకా వెళ్లను

కవిటి,
జూలై 9.

జయత్తకి,

తనూజ రాయునది. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని మా తెలుగు టీచర్ కుమారి మేడమ్ చెప్పింది. 'ఇక్కడ అందరం క్షేమం' అని కూడా రాయమంది. అది రాయడం లేదు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. మా ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. నువ్వు చేశావంటే అమ్మ స్పీకర్ పెట్టేస్తుంది. నాన్న మంచం మీంచి, పక్కింటివాళ్ళు వాళ్ళ అరుగు మీంచి, అందరూ వింటారు. ఇది నువ్వొక్కదానివే వినాల్సిన సంగతి.

నేను పెద్దమనిషినయ్యాను. స్కూలు తెరిచిన వారంలోనే. మొన్న రెండోసారి కూడా వచ్చింది. ఇంట్లో ఎవరికీ తెలీదు. స్కూల్లో ఇచ్చే ప్యాడ్లు సరిపోతున్నాయి. అమ్మ పొద్దున్నే జీడిపిక్కలు ఒలిచే పనికి పోయి చీకటి పడేవేళకి వస్తుంది. వచ్చాక నాన్నని చూసుకోవడమే సరిపోతుంది, నన్ను చూసే తీరిక తనకి లేదు. వాడినవి తోటలో కొబ్బరి మట్టలతో పాటు కాల్చేస్తున్నాను.

ఎందుకు దాచావంటావు. నా బెంచీలో కూర్చునే శ్రావణి తెలుసుగా. వేసవిలో దాని ఫంక్షన్‌కి వాళ్ళ మేనమామ జంక్షన్‌లో ఫ్లెక్సీ కట్టించాడు. పట్టుచీరలో అది, పక్కన నెమలి, కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ మొహాలు వరసగా. స్కూలుకి పోయే ప్రతివాడూ దాని కిందనుంచే పోవాలి. పదో తరగతి వాళ్ళు ఆ బొమ్మని ఫోన్లో స్టిక్కర్ చేసి తిప్పారు. ఇప్పుడు శ్రావణి స్కూలుకి రావడం లేదు. అడిగితే కడుపునొప్పి అంటున్నారు.

నాన్నకి వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. వచ్చిన రోజు పడుకుంటాడు. మర్నాడు లేచి కూర్చున్నాడంటే నా ఫంక్షన్ కబుర్లే. "దీని పెల్లి సూసే రాత నాకు నేదు. ఇదైనా పెల్లిలాగ సేత్తాను" అంటాడు. సింహాద్రి మావయ్య ఫ్లెక్సీ ఎక్కడ కట్టాలో కూడా చూసిపెట్టాడట. అదీ శ్రావణిది కట్టిన చోటే.

నువ్వు హాస్టల్ వార్డెన్‌వి, సైకాలజీ కూడా చదివావు. నీకు అర్థమవుతుంది. ఎవరికీ చెప్పనని నాకు మాటివ్వు. జవాబు స్కూలు అడ్రసుకి రాయి. కుమారి మేడమ్ విప్పకుండా ఇస్తుంది.

నీ మేనకోడలు,
తనూజ


టెక్కలి,
జూలై 17.

తనూజ తల్లికి,

నీ ఉత్తరం ఆఫీసు గదిలో తలుపు వేసుకుని చదివాను. ముందు నవ్వొచ్చింది, తర్వాత నిన్ను దగ్గరికి లాక్కోవాలనిపించింది. మీ ఇంట్లో ఇంత పెద్ద కబురు మొదట నాకు తెలిసిందంటే గర్వంగా కూడా ఉంది. మాటిచ్చాను, ఎవరికీ చెప్పను.

ఐరన్ మాత్రలు స్కూల్లో ఇస్తే పారేయకుండా మింగు. నొప్పి ఎక్కువగా ఉంటే నాకు రాయి.

ఇక ఫ్లెక్సీ సంగతి. మా హాస్టల్లో ఉన్న పిల్లలందరిదీ నీ వయసు, లేదా ఇంకో రెండేళ్ళు ఎక్కువ. మొటిమ వస్తే భోజనానికి రానివాళ్ళున్నారు, ఊరంతా దాన్నే చూస్తుందట. ఈ వయసులో ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, తనచుట్టూ జనం నిలబడి తననే చూస్తున్నట్టు. నిజానికి ఎవరి గొడవలో వాళ్ళుంటారు. నాలుగు రోజులు పోతే నీకే నవ్వొస్తుంది. శ్రావణికీ అదే మాట చెప్పు, స్కూలుకి లాక్కురా.

అమ్మకి మాత్రం చెబితే బాగుంటుంది. గౌరి వదిన గట్టిగా మాట్లాడుతుందిగానీ మనసు మెత్తన. అన్నయ్య బాగానే తింటున్నాడని ఫోన్లో చెప్పింది. నాకు అది చాలు.

ప్రేమతో,
జయత్త


కవిటి,
ఆగస్టు 6.

జయత్తకి,

ఊరంతా చూస్తున్నట్టు అనిపిస్తుంది అని నీ పుస్తకంలో రాశారేమో. ఇక్కడ అనిపించడం కాదు, నిజంగానే ఊరంతా చూస్తుంది. ఆ ఫ్లెక్సీ కరెంటు స్తంభం అంత ఎత్తుంది. నువ్వు చదివిన పుస్తకం రాసినవాళ్ళ ఊళ్ళో ఫ్లెక్సీలు లేవనుకుంటాను. శ్రావణికి నీ మాట చెప్పాను. అది దుప్పటి తీయకుండానే "మీ అత్తని ఒకసారి జంక్షన్‌లో నిలబడమను" అంది.

సరే, ఇంకో సంగతి అడుగుతాను, కోప్పడకు. మా ఇంట్లో దేవుడి దగ్గర దీపం నేనే పెడుతున్నాను. అమ్మకి వీలవదు. ఆ రోజుల్లో కూడా పెట్టాను. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదని అడుగుతారు. దానివల్ల ఎవరికైనా ఏమైనా అవుతుందా? నాకు కాదు, ఇంట్లో ఎవరికైనా?

నాన్న ప్రతి వారం అమ్మని అడుగుతున్నాడు. "పిల్లకి ఇంకా అవ్వనేదేటే?" అని. అమ్మ "అయితే నీకు సెప్పకుండా దాత్తానేటి" అని విసుక్కుంటుంది. నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తాను.

ఇదివరకు సెలవు రోజుల్లో నాన్నతో పలాస వెళ్ళేదాన్ని కదా. ఇప్పుడు మానేశాను. ఆయన నా మొహం చూస్తే కనిపెట్టేస్తాడు. చిన్నప్పుడు జామకాయ దొంగతనం చేసినా కనిపెట్టేవాడు. అందుకని ఆయన లేచి ఉన్నంతసేపు నేను తోటలో ఉంటున్నాను. చదువుకుంటున్నానని చెబుతున్నాను.

తనూజ


టెక్కలి,
ఆగస్టు 27.

తనూజకి,

దీపం సంగతికి ముందు జవాబు. ఎవరికీ ఏమీ కాదు. నేను కూడా పెడతాను, ఏ రోజైనా పెడతాను.

మొన్న శ్రావణ శుక్రవారం సెలవు పెట్టి పలాస వెళ్ళాను. నాన్న మిషన్ మీద ఉన్నాడు. అక్కడ మిషన్ చూసే కుర్రాడు ఢిల్లీబాబు నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. డాక్టర్‌తో కూడా మాట్లాడాను. మామూలు సంగతులే, ఉప్పు తగ్గించమన్నారు, నీళ్ళు కొలిచి తాగమన్నారు.

నాన్న నన్ను ఒక మాట అడిగాడు. సూది గుచ్చే చెయ్యి చూపించి, "జయా, ఈ సెయ్యి ఇలాగ ఉబ్బిపోయి ఉంది గదా, పిల్లకి సూత్తే అసయ్యమేటి? నా కాడికి రావడం మానేసింది" అన్నాడు. నేను లేదన్నాను, చదువుకుంటోందన్నాను. నమ్మినట్టు లేదు.

తల్లీ, ఇక చెప్పెయ్యి. ఈ నెలలోనే చెప్పు. ఫ్లెక్సీ కట్టకుండా చూసే పూచీ నాది, సింహాద్రి బావతో నేను మాట్లాడతాను. ఇంట్లో నలుగురి మధ్య పీటమీద కూర్చుంటే చాలు. ఇలా దాచుకుంటూ తిరగడం వల్ల నీ చదువు పాడవుతుంది, తొమ్మిదో తరగతి మార్కులు ముఖ్యం. దాచడం అలవాటైతే మనసు మూసుకుపోతుంది, అలాంటి పిల్లల్ని నేను రోజూ చూస్తున్నాను. పోయినసారి నువ్వు వినకపోయినా ఊరుకున్నాను. ఈసారి నా మాట వినాలి.

జయత్త


కవిటి,
సెప్టెంబర్ 15.

జయత్తకి,

నాన్న చెయ్యి అంటే నాకు అసహ్యం లేదు. ఆయన నిద్రపోయాక ఆ చేతి మీద వేలు పెడితే లోపల జుయ్‌మని కొట్టుకుంటుంది. అలా కొట్టుకుంటున్నంతకాలం నరం పనిచేస్తున్నట్టేనని ఢిల్లీబాబు అన్న ఒకసారి చెప్పాడు. నేను రోజూ చూస్తాను. నాన్నకి తెలీదు.

నీకు అసలు సంగతి రాయలేదు. ఫ్లెక్సీ అంటే భయం నిజమే. కానీ దానికోసమైతే ఇన్నాళ్ళు దాచేదాన్ని కాదు. ఏడ్చి గోల చేసి ఒప్పించేదాన్ని.

పోయిన మాఘమాసంలో నాన్నకి బాగా ఆయాసం వచ్చింది గుర్తుందా? ఆ రోజు అందరూ ఏడుస్తుంటే ఆయన లేచి కూర్చుని, "ఎందుకు ఏడుత్తారు. నా కూతురు పెద్దమనిషైన పండగ సూసేదాక నాను ఎల్లను. యముడొచ్చినా గుమ్మం కాడ కూకోమంతాను" అన్నాడు. తర్వాత నిజంగానే తేరుకున్నాడు. డాక్టర్లు కూడా ఆశ్చర్యపోయారని అమ్మ చెప్పింది.

మా వెనక వీధి యువరాజు మావ నీకు తెలుసు. ఆయనకీ ఇదే కిడ్నీ జబ్బు, మా ఊళ్ళో ఇంటికొకరికి ఉన్నట్టు. కూతురి పెళ్ళి అయ్యేదాకా ఉంటానన్నాడు, ఉన్నాడు. పెళ్ళి పందిరి ఇంకా విప్పలేదు, పోయాడు. పైవీధిలో బైరాగి తాత కూడా అంతే, మనవడు పుట్టేదాకా అన్నాడు.

నాన్న ఎదురుచూస్తున్నాడు కాబట్టి ఉన్నాడు. నేను చెప్పానంటే ఇక ఎదురుచూడ్డానికి ఏముంటుంది? పెళ్ళికి ఎదురుచూడమంటే ఆయనే నమ్మడు.

ఇది పిచ్చితనమని నాకూ సగం తెలుసు. సైన్సు నేనూ చదువుతున్నాను. కానీ మిగతా సగం నిజమైతే ఏం చేయాలి?

తనూజ


టెక్కలి,
సెప్టెంబర్ 24.

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఏ పనీ చేయలేకపోయాను. నువ్వు సిగ్గుపడుతున్నావనుకుని నేను మొటిమల కబుర్లు రాశాను. ఇంత బరువు ఒక్కదానివే మోస్తున్నావని నాకు తోచలేదు.

తనూజా, మనిషి ఆయుష్షు ఇంకో మనిషి నోట్లో మాట మీద ఆధారపడదు. యువరాజు మావ పెళ్ళి అయిందని పోలేదు. జబ్బు ముదిరింది, అందుకే వాళ్ళు తొందరపడి పెళ్ళి చేశారు. నువ్వు దాన్ని తిరగేసి చూస్తున్నావు. మనవాళ్ళకి ఏం జరిగినా అది మన వల్లే జరిగింది, మన చేతిలోనే ఉంది అనిపించే వయసు నీది. మీ తాతకి జ్వరం వచ్చినప్పుడు నేనూ ఉపవాసాలున్నాను.

నువ్వు చెప్పినా, చెప్పకపోయినా నాన్న ఉంటాడు. నామీద ఒట్టు. చెబితే ఆ సంతోషానికి ఇంకా నాలుగు రోజులు ఎక్కువే ఉంటాడు. ఆయన అడిగేది ఒక్కటే కదా, అది నీ చేతిలో ఉంది కదా. ఇచ్చెయ్యి తల్లీ.

నేనెప్పుడైనా నీకు అబద్ధం చెప్పానా?

జయత్త


కవిటి,
నవంబర్ 14.

జయత్తకి,

ఫంక్షన్ రోజు నువ్వు సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయావు కాబట్టి తర్వాత జరిగింది రాస్తున్నాను.

ముందు నేను చెప్పిన రోజు సంగతి. అప్పుడే అయినట్టు చెప్పాను, పాతదని చెప్పలేదు. అమ్మతో కాదు, నేరుగా నాన్న దగ్గరికే వెళ్ళి చెప్పాను. అలా ఎవరూ చెప్పరట, అమ్మ నెత్తి కొట్టుకుంది. నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. తర్వాత "నా కాడికొచ్చి సెప్పింది సూసేవా" అని అమ్మతో పదిసార్లు అన్నాడు.

ఫ్లెక్సీ వద్దని నువ్వు మావయ్యని ఒప్పించావు. నాన్నే మళ్ళీ అడిగాడు. "అలా రోడ్డు మీద పిల్ల బొమ్మ సూసుకుంతూ పలాస ఎల్తాను గదా" అన్నాడు. కట్టమన్నాను. నువ్వొచ్చినప్పుడు చూసి నా మీద కోపం తెచ్చుకున్నావని తెలుసు. ఇదీ కారణం.

నువ్వు నాకు గాజులు వేసి, పీటమీద కూర్చోబెట్టినప్పుడు నాన్న ప్లాస్టిక్ కుర్చీలో ఎంత నిటారుగా కూర్చున్నాడో చూశావుగా. నువ్వెళ్ళాక అలాగే కూర్చుని వచ్చినవాళ్ళందరినీ భోజనం చేశారా అని అడిగాడు. కొబ్బరి బొండాం కావాలన్నాడు. ఆయనకి కూడదని తెలుసు. మన తోటలోవే, కొట్టి అందరికీ ఇస్తుంటే ఆయనొక్కడే చూస్తూ కూర్చున్నాడు. అమ్మ అటు తిరిగినప్పుడు నేను రెండు గుక్కలు పట్టాను. కళ్ళు మూసుకుని తాగాడు. ఏమీ కాలేదు. మర్నాడు డయాలసిస్‌కి వెళ్ళొచ్చి రెండు ఇడ్లీలు తిన్నాడు.

ఆదివారం నేను కూడా పలాస వెళ్ళాను, చాన్నాళ్ళ తర్వాత. నాన్న ఢిల్లీబాబు అన్నకి ఫొటోలు చూపించాడు. పక్క మంచాల వాళ్ళకి కూడా. నువ్వన్నట్టే అయింది అత్తా. నేను ఉత్తినే అన్ని నెలలు పాడుచేశాను.

నీ తనూజ


కవిటి,
డిసెంబర్ 22.

జయశ్రీ అత్తకి,

పెద్దకర్మనాడు మీతో మాట్లాడలేదని అమ్మ నన్ను తిట్టింది. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు ఢిల్లీబాబు అన్న వచ్చాడు కదా. భోజనాల దగ్గర నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని, "ఊరుకో అమ్మా. మీ అత్తకి శ్రావణంలోనే సెప్పేసేం గదా. గుండె బాగా పాడైపోనాది, నాలుగైదు నెల్ల కంటే కష్టమని డాక్టరుగోరు అన్నారు. అయినా పండగ సూసే ఎల్లేడు" అన్నాడు. నాకు ఓదార్పుగా ఉంటుందని చెప్పాడు పాపం. నాకు తెలుసనుకున్నాడు.

డాక్టర్‌తో మాట్లాడాను, మామూలు సంగతులే అని మీరు రాశారు. నా చదువు పాడవుతుందని చెప్పమన్నారు. మీ మీద ఒట్టు పెట్టారు. ఎప్పుడైనా అబద్ధం చెప్పానా అని కూడా అడిగారు.

నేను చెప్పాను, పండగ అయింది, పందిరి విప్పిన పద్దెనిమిదో రోజుకి నాన్న పోయాడు. అది మాట చెప్పడం వల్లా, ఆ రోజుల్లో దీపం పెట్టడం వల్లా, నేను పట్టిన బొండాం వల్లా? ఏదీ కాదని మీరు రాస్తారని తెలుసు. మీరు రాస్తే ఇప్పుడు నేను నమ్మలేను. అదే కష్టంగా ఉంది. నమ్మడానికి ఇంకెవరూ లేరు.

ఒక్క మాట అడుగుతాను. శ్రావణంలో మీకు తెలిసిన రోజే నాకు రాసుంటే నేను ఏం చేసేదాన్నో తెలుసా? తోటలోకి పోయేదాన్ని కాదు. ఆయన మంచం పక్కనే కూర్చునేదాన్ని. రెండు నెలలు నేను ఆయనకి కనబడకుండా తిరిగాను. ఆయన 'నా కూతురికి నేనంటే అసహ్యం' అనుకుంటూ పడుకున్నాడు. నేను చిన్నపిల్లనని మీరు చెప్పలేదు. పెద్దమనిషినయ్యానని పీటమీద మాత్రం కూర్చోబెట్టారు.

తనూజ


టెక్కలి,
డిసెంబర్ 31.

తనూజకి,

ఢిల్లీబాబు చెప్పింది నిజమే.

డాక్టర్ చెప్పిన రోజు నేను బస్సులో టెక్కలి దాకా ఏడుస్తూ వచ్చాను. నీకు రాయాలని కూర్చున్నాను. పద్నాలుగేళ్ళ పిల్ల తట్టుకోలేదనుకున్నాను. అన్నయ్య కోరిక తీరాలి, నీ మనసు చెదరకూడదు, రెండూ నేనే చక్కబెడతాననుకున్నాను. వదినకి కూడా చెప్పలేదు. తర్వాత నువ్వు అసలు సంగతి రాసినప్పుడు ఇంకా భయమేసింది. ఆ ఉత్తరానికి నిజం ఎలా రాయాలో తెలియక ఒట్టు పెట్టాను.

నువ్వడిగిన మూడింటిలో ఏదీ కాదు. నమ్మనన్నావు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే అది నిజం.

ఆ రెండు నెలలు పోయింది మాత్రం నా వల్లే. హాస్టల్లో ఎవరికి ఏ బాధ వచ్చినా ఏదో ఒకటి చెప్పి పంపిస్తాను. నీకు ఏం చెప్పాలో తెలియడం లేదు. నాన్న చెయ్యి నువ్వు రోజూ ముట్టుకుని చూసేదానివని నాకు ముందే తెలిసి ఉంటే ఆయనకి చెప్పేదాన్ని. తెలిశాక కూడా, నువ్వే చెబుతావులే అని ఊరుకున్నాను.

జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. మళ్ళీ మీరు అని రాసినా ఫర్వాలేదు.

జయత్త


కవిటి,
ఫిబ్రవరి 3.

అత్తకి,

శ్రావణి స్కూలుకి వస్తోంది. నేను వాళ్ళింటికి వెళ్ళి కూర్చుని తీసుకొచ్చాను. ఏమీ చెప్పలేదు, ఊరికే కూర్చున్నాను.

పోయిన వారం మీరు అమ్మని పలాస తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించారు. అమ్మ పాదాలు పొంగుతున్నాయని నాకూ తెలుసు. ఎంతొచ్చిందని అడిగితే "బాగానే ఉందంట, మీ అత్త ఫోన్ సేసి సెప్పింది" అంది. అమ్మ నమ్మింది. మా క్లాసులో ఎవరినడిగినా వాళ్ళింట్లో వాళ్ళకి కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంతొచ్చిందో చెబుతారు. నాకు మా అమ్మది తెలీదు.

ఎంతో రాయండి. ఇంకేమీ వద్దు.

తనూజ


టెక్కలి,
ఫిబ్రవరి 7.

తనూజకి,

అమ్మకి మూడు పాయింట్ రెండు. ఒకటికి అటూ ఇటూగా ఉండాలి.

బాగానే ఉందని వదినకి ఫోన్లో చెప్పింది నేనే. ఆమె గొంతు వినగానే నోటికి అదే వచ్చింది. నీ ఉత్తరం అందాక డాక్టర్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. డయాలసిస్ ఇప్పుడే అక్కర్లేదన్నారు. మందులు మొదలుపెట్టాలి, వేడిలో పని మానాలి, నెలనెలా పరీక్ష చేయించాలి. తగ్గుతుందా అంటే తగ్గదన్నారు, ముదరకుండా చూడాలన్నారు.

అమ్మకంటే ముందు నీకే రాస్తున్నాను. ఇది సరైనదో కాదో తెలీదు. ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తాను. నువ్వు ఒప్పుకుంటే ఇద్దరం కలిసి చెబుదాం. ఎలా మొదలుపెట్టాలో నువ్వే చెప్పు, నాకు తోచడం లేదు.

ఎన్నాళ్ళు అని నువ్వు అడుగుతావు. నేనూ అడిగాను. కొందరికి చాలా ఏళ్ళు, కొందరికి అలా కాదు, ముందుగా చెప్పలేమన్నారు. నాకు తెలియదు తనూజా. దాచడం కాదు, నిజంగానే తెలియదు.

జయత్త